సుడులకు తూర్పు పుట్టిల్లు, తెలుగు తీరం ఆఖరి మజిలీ

తుపాను రోజుల్లో పత్రికలు తప్పకుండా ఇచ్చే అంకె ఒకటుంది: సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత. బంగాళాఖాతం 29 డిగ్రీలకో 30 డిగ్రీలకో వేడెక్కిందని, అందువల్ల వాయుగుండం మరింత బలపడుతుందని రాస్తారు. అందులో అబద్ధం లేదు, కానీ అది సగం నిజమే. పైన ఒకే 30 డిగ్రీలు చూపించే నీటి కింద ఒకచోట వెచ్చదనం యాభై మీటర్లకే అయిపోతుంది. అక్కడికి రెండు వందల కిలోమీటర్ల దూరంలో అదే వెచ్చదనం వంద మీటర్లు దాటి దిగి ఉంటుంది. తుపానుకు అందే మేత ఈ లోతును బట్టి ఉంటుంది. ఈ లోతును ఒకచోట పెంచి మరోచోట తగ్గించేవి చాలావరకు సముద్రంలో తిరిగే పెద్ద సుడులు.

సుడి అనగానే వంతెన స్తంభాల వెనుక గిర్రున తిరిగి మాయమయ్యే నీరు గుర్తుకొస్తుంది. ఇవి ఆ జాతివి కావు. వీటి వ్యాసం సాధారణంగా వంద నుంచి మూడు వందల కిలోమీటర్లు. లోతు కొన్ని వందల మీటర్లు, కొన్నింటికి వెయ్యి మీటర్ల పైమాటే. ఆయుష్షు వారాల నుంచి ఏళ్ల వరకు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఉన్న నేలంతా ఒక పెద్ద సుడిలో ఇమిడిపోతుంది. అంత విశాలంగా, అంత నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి దాని మధ్యలో ఉన్న పడవకు తాను సుడిలో ఉన్నానన్న సంగతే తెలియదు. అయినా మహాసముద్రాల కదలికలో ఉన్న శక్తిలో ఎక్కువ పాలు పటాల్లో బాణం గుర్తులతో గీసే మహాప్రవాహాలది కాదు, ఈ సుడులది. వాతావరణానికి అల్పపీడనాలు, ఆవర్తనాలు ఎలాంటివో సముద్రానికి ఇవి అలాంటివి.

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, దక్కన్ పీఠభూమి మీద ఉన్న హైదరాబాద్‌లో ఈ సుడుల జాడ తీసే పని నిత్యం జరుగుతుంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, 1999లో ఏర్పడింది. నగరవాసుల్లో చాలామందికి ఆ పేరు సునామీ హెచ్చరికల వల్లే పరిచయం. చేపలు దొరికే చోట్ల సూచన, అలల ఎత్తు, ప్రవాహాల అంచనా వంటివి దాని రోజువారీ పనులు. బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. ఉపగ్రహాలు పంపే సంకేతాలను అందుకునే దాని కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. సముద్రపు గాలి సోకని ఊరు సముద్రాన్ని ఇంత నిశితంగా చూడగలగడానికి కారణం ఒక్కటే: సుడి ఆనవాళ్లు ఒడ్డున నిలబడిన మనిషికి కనిపించవు, పైనుంచి కొలిచే పరికరానికి దొరికిపోతాయి.

ఆ కొలత ఎలా ఉంటుందో చూడాలి. ఆల్టీమీటర్ ఉన్న ఉపగ్రహం రాడార్ తరంగాన్ని కిందికి పంపి, అది నీటిని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి సముద్రమట్టం ఎత్తును లెక్కిస్తుంది. 1992 ఆగస్టులో ఎగిరిన టోపెక్స్/పొసైడాన్ 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొన్ని సెంటీమీటర్ల తేడాతో ఈ పని చేసింది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత్-ఫ్రాన్స్‌ల సరళ్ ఉపగ్రహానిదీ ఇదే పని. ఇలా వచ్చిన ఎత్తుల్లోంచి సగటు మట్టాన్ని తీసేస్తే మిగిలేది ఎరుపు, నీలం మచ్చల పటం. ఎరుపు ఉన్నచోట నీరు ఉబ్బి ఉంది, నీలం ఉన్నచోట గుంటపడి ఉంది. ఆ ఉబ్బు, ఆ గుంట ఎంత? చాలాచోట్ల అయిదు నుంచి ముప్ఫై సెంటీమీటర్లు.

ఉదాహరణకు విశాఖపట్నానికి తూర్పున ఒక ఎర్రటి మచ్చ ఉందనుకుందాం. దాని నడిబొడ్డు అంచుకంటే 20 సెంటీమీటర్లు ఎత్తు, నడిబొడ్డు నుంచి అంచుకు 100 కిలోమీటర్లు. ఉబ్బిన నీరు నాలుగు దిక్కులా పల్లానికి జారిపోవాలి కదా, నెలల తరబడి అలాగే ఎందుకు నిలుస్తుంది? భూమి తిరుగుతోంది కాబట్టి. ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు తన కుడివైపుకు ఒరుగుతుంది. బయటికి జారబోయిన నీరు కుడికి మళ్లి, మళ్లి, చివరికి ఉబ్బు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో ప్రదక్షిణ చేయడం మొదలుపెడుతుంది. బయటికి తోసే ఒత్తిడి, భూమి తిరగడం వల్ల లోపలికి ఒరిపించే ఈ ప్రభావం (దీని పేరు కొరియాలిస్ ప్రభావం) సమానమైనప్పుడు నీరు అటూ ఇటూ జారక తిరుగుతూనే ఉంటుంది. ఈ సమతూకం నుంచి వేగాన్ని కాగితం మీదే లెక్క కట్టవచ్చు. విశాఖ అక్షాంశానికి దగ్గరలో, ఈ వాలుకు సెకనుకు సుమారు అర మీటరు వస్తుంది, అంటే రోజుకు 40 కిలోమీటర్ల పైచిలుకు. ఆ అంచున తేలే కొబ్బరికాయ ఒక చుట్టు పూర్తి చేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. వంద కిలోమీటర్లకు జానెడంత వాలు చాలు, కొన్ని జిల్లాలంత నీటిని తిప్పడానికి. గుంట చుట్టూ నీరు దీనికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది.

పైన జానెడు ఉబ్బు ఉంటే కింద జరిగేది అంతకు వందల రెట్లు. వెచ్చని పై నీటికి, చల్లని అడుగు నీటికి సాంద్రతలో తేడా చాలా తక్కువ. అందువల్ల 20 సెంటీమీటర్ల ఉబ్బు బరువును సరిచేయడానికి ఆ రెంటి మధ్య సరిహద్దు యాభై మీటర్ల దాకా కిందికి దిగాలి. ఉబ్బిన సుడిలో వెచ్చని నీరు లోతుకు నిండుతుంది కాబట్టి అది వెచ్చని సుడి. గుంటపడిన సుడిలో సరిహద్దు పైకి లేస్తుంది, చల్లని నీరు వెలుతురుకు దగ్గరవుతుంది. అది చల్లని సుడి. దీన్ని నేరుగా కొలిచేవి ఆర్గో ఫ్లోట్లు అనే తేలే పరికరాలు. సముద్రంలో వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని కొలుచుకుంటూ పైకి వచ్చి ఉపగ్రహానికి కబురు పంపుతాయి. ప్రపంచమంతటా ఇలాంటివి దాదాపు నాలుగు వేలున్నాయి. హిందూ మహాసముద్రంలోని ఆర్గో సమాచారానికి ప్రాంతీయ కేంద్రం ఇన్‌కాయిసే. ఎర్రటి మచ్చలోంచి ఒక ఫ్లోటు పైకి వచ్చిందంటే, ఉపగ్రహం పైనుంచి ఊహించినదానికి కింది నుంచి సాక్ష్యం దొరికినట్టే.

ఇంత పెద్ద సంగతి శాస్త్రానికి ఆలస్యంగా తెలిసింది. లోతు సముద్రంలో నీరు మందకొడిగా ఒకే దిక్కుకు పాకుతుందని చాలాకాలం నమ్మారు. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్వాలో 1959-60లో బెర్ముడా పరిసరాల్లో, నీటి లోపల ఒక లోతున నిలిచి తేలే పరికరాలను వదిలి వెంబడించినప్పుడు ఆ నమ్మకం బీటలు వారింది. అవి అనుకున్నదానికి ఎన్నో రెట్ల వేగంతో, తలా ఒక దిక్కుకు పోయాయి. 1970లో సోవియట్ నౌకలు అట్లాంటిక్‌లో నెలల తరబడి చేసిన పాలిగాన్ ప్రయోగం, 1973లో అమెరికా, బ్రిటన్ శాస్త్రవేత్తలు చేసిన మోడ్ ప్రయోగం ఆ గజిబిజి వెనుక సుడులున్నాయని తేల్చాయి.

పుట్టుక విషయానికి వస్తే, కంటికి ఆనేది వేగమైన ప్రవాహాల దగ్గర జరిగేది. అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్, జపాన్ పక్కనున్న కురోషియో వంటి ప్రవాహాలు తీరం విడిచి లోపలికి వెళ్లాక మెలికలు తిరుగుతాయి. మెలిక ముదిరి దాని మెడ సన్నబడి తెగిపోతే ఒక నీటి ఉంగరం విడిపోతుంది. ప్రవాహానికి ఒక పక్కనున్న వెచ్చని నీరు అవతల పక్కకు, చల్లని నీరు ఇవతలకు వచ్చి చిక్కుకుంటుంది. ఆఫ్రికా దక్షిణ కొసలో అగుల్హాస్ ప్రవాహం వెనక్కి మళ్లే చోట ఏటా కొన్ని ఉంగరాలు తెగి హిందూ మహాసముద్రపు వెచ్చని, ఉప్పని నీటిని అట్లాంటిక్‌కు మోసుకుపోతాయి.

ఎక్కువ సుడుల పుట్టుక ఇంత ఆర్భాటంగా ఉండదు. సముద్రంలో తేలిక నీటికి, బరువు నీటికి మధ్య సరిహద్దు చాలాచోట్ల ఏటవాలుగా ఉంటుంది. గాలులు, ఎండ, నదుల నీరు కలిసి ఆ వాలును తయారు చేస్తాయి. భూమి తిరగకపోతే తేలిక నీరు పైకి, బరువు నీరు కిందికి సర్దుకుని వాలు చదునైపోయేది. తిరగడం వల్ల వాలు నిలబడుతుంది, కట్ట వెనుక చెరువు నీరులా శక్తిని దాచుకుని ఉంటుంది. ఆ శక్తికి తూము సుడి. వాలు వెంట సాగే ప్రవాహంలో చిన్న వంపు వచ్చిందంటే, ఆ వంపులో కొంత తేలిక నీరు పైకి, కొంత బరువు నీరు కిందికి జరుగుతుంది. విడుదలైన శక్తి వంపును ఇంకా పెంచుతుంది. పెరిగిన వంపు ఇంకొంత శక్తిని లాగుతుంది. అలా పెరిగి పెరిగి మూసుకుపోయి సుడి అవుతుంది. ఏ పరిమాణపు వంపు బాగా పెరుగుతుందన్నది నీటి పొరల తేడా, అక్షాంశం నిర్ణయిస్తాయి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నచోట పెద్దవి, ధ్రువాల వైపు చిన్నవి పుట్టడానికి ఇదే కారణం.

బంగాళాఖాతానికి దీనితోపాటు మరో పుట్టుక మార్గం ఉంది, అది ఈ సముద్రానికే తగిన విచిత్రం. కారణం ఎక్కడో భూమధ్యరేఖ దగ్గర మొదలవుతుంది. రెండు రుతుపవనాల మధ్య కాలంలో, అంటే ఏప్రిల్-మే నెలల్లోను, అక్టోబరు-నవంబరు నెలల్లోను అక్కడ పడమటి గాలులు వీచి నీటిని తూర్పుకు తోస్తాయి. ఆ తోపుడు సుమత్రా తీరాన్ని తాకి, అందులో ఒక భాగం కెల్విన్ తరంగంగా, అంటే తీరాన్ని అంటిపెట్టుకుని సాగే పెద్ద తరంగంగా, తీరాన్ని కుడిచేతి పక్కన పెట్టుకుని ఉత్తరానికి మళ్లుతుంది. అండమాన్ సముద్రం, మయన్మార్ తీరం, ఐరావతి ముఖద్వారం, బంగాళాఖాతం తల, అక్కడి నుంచి ఒడిశా, ఆంధ్ర తీరాలు, ఇదీ దాని దారి. తీరం మలుపు తిరిగిన చోటల్లా అది కొంత శక్తిని పడమటికి వదులుతుంది. రాస్బీ తరంగాలుగా, అంటే పడమటికి నెమ్మదిగా సాగే విశాలమైన తరంగాలుగా బయలుదేరిన ఆ శక్తి అండమాన్ దీవుల పడమటి వైపున, ఐరావతి ముఖద్వారానికి దిగువన వంపులు తిరిగి సుడులుగా విడిపోతుంది. కాబట్టి బంగాళాఖాతపు సుడుల్లో చాలా వాటికి తూర్పు పుట్టిల్లు.

పుట్టిన సుడి పడమటికే ఎందుకు నడుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు ఎంత అందంగా ఉంటుందంటే, దాని మీద కాస్త నిలబడాలి. కొరియాలిస్ ప్రభావం భూమధ్యరేఖ దగ్గర బలహీనం, ఉత్తరానికి పోయేకొద్దీ బలం. విశాఖ ఎదుటి ఎర్రటి మచ్చకే తిరిగి వెళితే, దాని ఉత్తరపు అంచున నీరు తూర్పుకు, దక్షిణపు అంచున పడమటికి పోతుంది. రెండు అంచుల్లోను వాలు ఒకటే. కానీ దక్షిణాన కొరియాలిస్ తక్కువ కాబట్టి అదే వాలును నిలపడానికి నీరు కొంచెం వేగంగా పోవాలి. అంటే పడమటికి వెళ్లే నీరు తూర్పుకు వెళ్లేదానికంటే కొద్దిగా ఎక్కువ. ఆ మిగులు ఉబ్బుకు పడమటి పక్కన పేరుకుంటుంది, తూర్పు పక్కన తరుగుతుంది. ఉబ్బు పడమటికి జరిగినట్టే. గుంట సంగతి? దాని చుట్టూ నీరు వ్యతిరేకంగా తిరుగుతుంది కాబట్టి దక్షిణాన తూర్పుకు పోయే నీరు ఎక్కువ. పడమటి పక్కన నీరు తరిగి, తూర్పు పక్కన నిండుతుంది. గుంట కూడా పడమటికే జరుగుతుంది. తిరిగే దిశ ఏదైనా ప్రయాణం పడమటికే. దీనికి తోడు వెచ్చని సుడులు కొద్దిగా భూమధ్యరేఖ వైపు, చల్లనివి కొద్దిగా ధ్రువం వైపు వాలుతాయి.

అన్నీ నడవవు. సోమాలియా తీరాన నైరుతి రుతుపవనాలప్పుడు ఏర్పడే మహా సుడి, శ్రీలంకకు తూర్పున అదే కాలంలో లేచే చల్లని సుడి ప్రధానంగా గాలి చేసినవి. గాలి ఉన్నంతకాలం దాదాపు అక్కడే తిరిగి, గాలి మారాక చెదిరిపోతాయి.

నడిచేవాటి వేగం తక్కువ. విశాఖ అక్షాంశంలో లెక్క కడితే రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు. అండమాన్ దగ్గర బయలుదేరిన సుడికి తెలుగు తీరం సుమారు వెయ్యి కిలోమీటర్లు. మధ్యలో చెదిరిపోకుండా ఉంటే చేరడానికి నాలుగైదు నెలలు. ఇక్కడ గమనించాల్సింది రెండు వేగాల తేడా. సుడి తనలో తాను తిరిగే వేగం, అది ముందుకు జరిగే వేగానికి కొన్ని రెట్లు ఎక్కువ. అందుకే లోపలి నీరు బయటికి జారిపోదు. అల అయితే నీటిని వదిలేసి తాను మాత్రం సాగిపోతుంది. సుడి నీటిని, అందులోని వేడిని, ఉప్పును, జీవజాలాన్ని మూటగట్టుకుని వెళుతుంది. 16 ఏళ్ల ఉపగ్రహ కొలతలను జల్లెడ పట్టి 2011లో ప్రచురించిన ఒక ప్రపంచ అధ్యయనం, కనీసం 16 వారాలు బతికిన సుడులను దాదాపు 36 వేలు గుర్తించింది. వాటి సగటు ఆయుష్షు 32 వారాలు, సగటు ప్రయాణం 550 కిలోమీటర్లు, సగటు వ్యాసార్ధం 90 కిలోమీటర్లు, ఎత్తు 8 సెంటీమీటర్లు. సముద్రంలో ఎక్కడ చూసినా సుడులే అన్నంత దట్టంగా ఉందా పటం.

వాటిని చంపేది ఏమిటన్నది పుట్టుకంత తేలికగా చెప్పగలిగింది కాదు, ఎందుకంటే చావుకు దారులు చాలా. గాలి ఒకటి. సుడికి ఒక పక్కన నీరు గాలితోపాటు పోతుంది, మరో పక్కన గాలికి ఎదురు పోతుంది. ఎదురు పోయేచోట గాలి పట్టు ఎక్కువ, కలిసి పోయేచోట తక్కువ. మొత్తం మీద గాలి సుడి నుంచి శక్తిని కొంచెం కొంచెంగా లాగేస్తుంది. లోతుగా ఉన్న సుడిని అడుగునున్న కొండలు, గట్లు ఒరిపిడితో అరగదీస్తాయి. పక్కనున్న పెద్ద సుడి చిన్నదాన్ని మింగేయవచ్చు. ఇవన్నీ తప్పించుకున్న సుడి చివరికి తన సముద్రపు పడమటి గోడను ఢీకొంటుంది. అక్కడ ముందుకు దారి లేదు. తీరం దగ్గరి సముద్రపు అడుగు వాలు మీద సాగిపోయి, తీరప్రవాహంలో కలిసి, చిన్న తరంగాలుగా, సన్నని పాయలుగా చీలి శక్తిని పోగొట్టుకుంటుంది. సుడుల శక్తి పెద్ద ఎత్తున మాయమయ్యేది మహాసముద్రాల పడమటి అంచుల్లోనేనని 2010లో ఉపగ్రహ కొలతల ఆధారంగా చూపించారు.

బంగాళాఖాతానికి పడమటి గోడ మన తూర్పు తీరం. ఈ ఒక్క మాటలో ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న తీరపు సముద్ర స్వభావం చాలావరకు ఉంది. తీరం వెంట ఫిబ్రవరి నుంచి మే వరకు నీరు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి పోతుందని చెబుతారు. నెలల సగటుగా అది సరైనదే. ఏ ఒక్క వారం చూసినా మాత్రం, ఆ ప్రవాహం పక్కన వచ్చి ఆగిన సుడులను ఒరుసుకుంటూ వంకరలు పోతూ ఉంటుంది. ఒకచోట ఉత్తరానికి పోతుంటే నూరు కిలోమీటర్ల దిగువన తిరగబడి ఉండవచ్చు. వానాకాలం తరువాత గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరుల మంచినీరు తీరం పట్టుకుని దక్షిణానికి దిగేటప్పుడు కూడా ఈ సుడులే దాన్ని పాయలుగా పట్టి నడిసముద్రానికి లాగుతాయి.

చేపల సూచనకు సుడులతో పని ఇక్కడే. బంగాళాఖాతం పైన తేలే మంచినీటి పొర మూతలా పడి, కింది పోషకాలను పైకి రానివ్వదు. అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ వృక్షప్లవకాల (నీటిలో తేలే సూక్ష్మ మొక్కల) పంట తక్కువ కావడానికి అదొక ముఖ్య కారణం. చల్లని సుడి ఆ పోషకాల నీటిని వెలుతురు అందే ఎత్తుకు లేపుతుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన పరిశోధన బంగాళాఖాతపు చల్లని సుడుల్లో ఈ పెరుగుదలను చూపించింది. నీటి రంగును బట్టి పచ్చదనాన్ని, ఉష్ణోగ్రతల అంచులను ఉపగ్రహం నుంచి చూసి హైదరాబాద్ నుంచి పంపే వేట సూచనల్లో కనిపించే గీతలు చాలాసార్లు సుడుల అంచులే. సుడి మీదుగా మబ్బు పట్టి రంగు కనిపించని వానాకాలంలో ఈ పద్ధతి కుంటుపడుతుంది. ఎత్తును కొలిచే రాడార్‌కు మబ్బు అడ్డు కాదు.

ఇక తుపాను. తుపాను గాలులు సముద్రాన్ని కలచినప్పుడు కింది చల్లని నీరు పైకి వస్తుంది, తుపాను తన మేతను తానే చల్లార్చుకుంటుంది. వెచ్చని సుడి మీద ఎంత కలచినా వెచ్చని నీరే పైకి వస్తుంది. 2005లో కత్రినా తుపాను మెక్సికో సింధుశాఖలో ఒక్కసారిగా బలపడినప్పుడు దాని కింద అలాంటి లోతైన వెచ్చని నీరుంది. బంగాళాఖాతంలో 2003 మే తుపాను వెచ్చని సుడి మీద బలపడి, చల్లని సుడి మీద బలహీనపడిన తీరును హైదరాబాద్ శాస్త్రవేత్తలు 2007లో వివరించారు. అందుకే ఇప్పుడు ఉపరితల ఉష్ణోగ్రతతో సరిపెట్టకుండా, 26 డిగ్రీలకు పైబడిన నీరు ఎంత లోతు దాకా ఉంది, అందులో మొత్తం ఎంత వేడి ఉంది అన్న పటాలను తయారు చేస్తున్నారు. అన్నీ సుడులకే అంటగట్టడం కూడా సరికాదు. పై గాలుల పొందిక, గాలిలో తేమ, బంగాళాఖాతపు మంచినీటి పొర, వీటికి వాటి వాటా ఉంది. కానీ ఉష్ణోగ్రతను మాత్రమే రాసి, లోతును వదిలేసే వార్త పాఠకుడికి అన్యాయం చేస్తున్నట్టే.

ఉపగ్రహ కొలతలకూ హద్దులున్నాయి. టోపెక్స్/పొసైడాన్ దారులకు మధ్య భూమధ్యరేఖ దగ్గర మూడు వందల కిలోమీటర్ల ఎడం ఉండేది. ఆ సందుల్లో పడిన చిన్న సుడులు లెక్కకు రాలేదు. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ ఉపగ్రహం సన్నని గీత బదులు 120 కిలోమీటర్ల వెడల్పు పట్టీని కొలుస్తుంది కాబట్టి ఆ చిన్నవి ఇప్పుడు బయటపడుతున్నాయి. మామూలు ఆల్టీమీటర్లు తీరానికి దగ్గరయ్యేసరికి నేల నుంచి వచ్చే ప్రతిధ్వని కలిసి తడబడతాయి. అంటే సుడి తీరాన్ని ఢీకొని చెదిరే చోటనే వాటి చూపు మసకబారుతుంది. ఆ లోటు తీర్చేది మచిలీపట్నం, యానాంలలో ఒడ్డున నిలిపిన రాడార్లు. తీరం నుంచి వంద కిలోమీటర్లు దాటి పైనీరు ఎటు, ఎంత వేగంగా పోతోందో అవి చూడగలవు. వేటకు వెళ్లి గల్లంతైన పడవ ఎటు కొట్టుకుపోయి ఉంటుందో, ఒలికిన చమురు ఏ ఒడ్డుకు చేరుతుందో ఇన్‌కాయిస్ అంచనా కట్టాల్సి వచ్చినప్పుడు ఈ ఆఖరి వంద కిలోమీటర్ల ప్రవాహమే కావాలి. అక్కడ నెలల సగటు పనికిరాదు, ఆ పూట తీరానికి ఆనుకుని ఏ సుడి ఉందో, ఎటు తిరుగుతోందో తెలియాలి.